గంగులప్పకు ‘గారు’ తగిలించిన సోమవారం

తిరుపతి,
జూన్ 9

గంగాభాగీరథీ సమానురాలైన సబియా ఆపా దివ్యసముఖమునకు తమ్ముడు ఫైజల్ అనేక సలాములు చేసి వ్రాసుకొను విన్నపములు.

కంగారు పడకు, నాకు జ్వరం రాలేదు. పై వాక్యం పాత పుస్తకాల బండి మీద దొరికిన, అట్ట కూడా మిగలని ఒక ఉత్తరాల పుస్తకంలోంచి ఎత్తి రాశాను. ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలోనే రాద్దామంటే మనిద్దరి ఉర్దూ చదువూ మొదటి అక్షరం అలీఫ్ దగ్గరే ఆగిపోయింది. కాబట్టి తెలుగే గతి.

విషయమేమంటే, మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకూ ఫిజియోథెరపీ వాళ్లకూ సోషల్ వర్కర్లకూ కలిపి ఆర్నెల్ల శిక్షణ మొదలుపెట్టారు. పేరు ‘సంబంధ కేంద్రిత సంరక్షణ’. దీన్ని ఒక్క ఊపిరిలో పలికినవాడికి ఇక ఊపిరితిత్తుల పరీక్ష అక్కర్లేదని జోయల్ అంటాడు. జోయల్ నా రూమ్‌మేటు, నాతోపాటే నర్సింగ్ చదివాడు, నా మాటలకు నవ్వడం అతని ముఖ్యవృత్తి. శిక్షణ సారం ఇదీ: రోగానికి మందిస్తే సరిపోదు, రోగికీ మనకూ మధ్య ఒక బంధం కుదరాలి, ఆ బంధం కూడా వైద్యమే. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ బంధం కుదుర్చుకోవడానికి మెళ్లో ఒక కార్డు వేశారు. దాని మీద నాలుగు మెట్లు. రోగిని పూర్తి పేరుతో, గారు చేర్చి పిలవాలి. కళ్లు సమానంగా ఉండేట్టు కూర్చోవాలి. అనుమతి అడిగి చేయి పట్టుకోవాలి. చివరికి ‘మీకు ఏది ముఖ్యం?’ అని అడగాలి. నిన్న తరగతిలో జోయల్‌ను రోగిగా పడుకోబెట్టి సాధన చేశాం. మూడో మెట్టు దగ్గర అతను నిద్రపోయాడు.

నేర్పే తేజస్విని మేడం రాజమండ్రి వైపు మనిషి. వాచ్‌మన్‌ను కూడా గారు అంటారు. వార్డులో తిరిగే పిల్లిని ఏమంటారో ఇంకా వినలేదు. ‘అవ్వా, తాతా, పద్నాలుగో మంచం’ లాంటి పిలుపులన్నీ ఇరవై మూడో తేదీ నుంచి మా వార్డులో రద్దు.

ఈ ఉత్తరాలు కూడా ఆమె ఆజ్ఞే. ఇదే పనిలో ఉన్న బయటి మనిషి ఒకరితో ఆర్నెల్లూ చేతిరాతతో మాట్లాడుకోవాలి. కవర్లు చూపిస్తే చాలు, లోపలిది ఎవరూ చదవరు. రోగి పేరు మాత్రం రాయకూడదు. నగరిలో ఎనిమిదేళ్లుగా విలేజ్ క్లినిక్ నడుపుతున్న నర్సమ్మ నాకు సొంత అక్క కావడం వల్ల నా ఎంపిక సులువైంది. మేడం సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఉంటే ఇక్కడే ఉద్యోగం. లేకపోతే పాకాలలో అబ్బా నడిపే గొడుగుల రిపేరు కొట్టు ఎలాగూ ఉంది, వానే లేదు.

పేరు చెప్పకూడని మా పద్నాలుగో మంచం పెద్దాయన గురించి రాసి ముగిస్తాను. మీ నగరి వైపే, చేనేత. షుగరు పుండు. ఎడమ పాదంలో చిటికెన వేలు నల్లబడింది, షుగరు అదుపులోకి వచ్చాక తీసేస్తారు. ఫైజల్ అనడానికి నోరు తిరగక నన్ను ‘పైసలూ’ అంటాడు. నేను తాతా అంటాను. కట్టు మార్చడానికి నన్ను తప్ప ఎవరినీ కాలు తాకనివ్వడు. కట్టు విప్పుతూ నేను ఆ ఐదు వేళ్లనూ ఐదుగురు అన్నదమ్ములుగా చేసి, ఆస్తి కోసం చిన్నోడు ఎట్లా అలిగి నల్లబడ్డాడో కథ చెబుతాను. ఆయన నవ్వుతూ, “మగ్గం తొక్కే కాలప్పా, బద్రంగా పట్టుకో” అంటాడు. ఇది కార్డులో లేదు.

ఇట్లు,
శిక్షణార్థి ఫైజల్


నగరి,
జూన్ 16

తమ్ముడు ఫైజల్‌కు, దువా.

గంగాభాగీరథీ సమానురాలు అని రాసేది భర్త పోయిన ఆడవాళ్లకు. నీ ఉత్తరం ముందు మీ బావ నిస్సార్ చేతిలో పడింది. ఏదో గొప్ప బిరుదనుకుని పక్కింటి చంద్రకాంతమ్మ దగ్గరికి తీసుకుపోయి అర్థం అడిగాడు. ఆమె చెప్పినప్పటి నుంచి అన్నం ముందు కూర్చుని కూరను ఒకసారి, నన్ను ఒకసారి చూస్తున్నాడు. “నీ తమ్మునికి నా మీద ఏం కోపమో కనుక్కో” అన్నాడు. కోపం కాదు, తెలివి తక్కువ అని చెప్పాను. అర్థం తెలియని గౌరవం ఇంకెవరికీ ఇవ్వకు.

ఇంకో మాట. పేరు రాయకపోతే గుట్టు దాచినట్టే అనుకున్నావు. నగరి వైపు, చేనేత, ఎడమ పాదం చిటికెన వేలు అన్న తర్వాత దాచడానికి ఏం మిగిలింది? ఆ వేలు మొదట ఎర్రబడినప్పుడు చూసి తిరుపతికి తోలింది నేనే. ఎవరో నాకు తెలిసిపోయింది. తెలియనట్టే ఉంటాను.

మీ కార్డును వెక్కిరించావు గానీ నాకు అందులో నాలుగో మెట్టు నచ్చింది. నేను ఎనిమిదేళ్ల క్రితం ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరూ అది నేర్పలేదు. మగ్గాల ఇళ్లకు పోయి, పని ఆపించి, కుర్చీలో కూర్చోబెట్టి అడిగేదాన్ని. అందరూ ‘బాగుండామమ్మా’ అనేవాళ్లు. ఆర్నెల్లకు గానీ తెలియలేదు, వాళ్లు మగ్గం ఆడుతుండగానే మాట్లాడతారు. చూపు నూలు మీద ఉంటే నోరు తెరుచుకుంటుంది. ఇప్పుడు నేను పోయి మగ్గం గుంట అంచున కూర్చుంటాను, ఏమీ అడగను. నీ వేళ్ల కథ కూడా అట్లాంటిదే అయి ఉంటుంది. దాన్ని కార్డు కోసం మానకు.

అమ్మీ మోకాళ్ల నూనె అయిపోయిందట. పాకాల వెళ్లినప్పుడు తీసుకుపో.

సబియా
(సుమంగళి)


తిరుపతి,
జూన్ 24

ఆపా, సలాం.

ఈసారి పుస్తకం తెరవలేదు. పెద్దాయన నిన్న మధ్యాహ్నం వార్డులోంచి వెళ్లిపోయాడు.

నిన్నటి నుంచి కార్డు అమల్లోకి వచ్చింది. మేడం వార్డు ఆ చివర నిలబడి చూస్తున్నారు. పొద్దున కట్టు మార్చడానికి పోయి నేను నాలుగు మెట్లూ ఎక్కాను. పేరుతో గారు చేర్చి పిలిచాను, కూర్చున్నాను, చేయి పట్టుకున్నాను, మీకు ఏది ముఖ్యం అని అడిగాను. ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి, “ఇంటికి పోవాలప్పా” అన్నాడు. ఇంటికి వెళ్లాలనే కోరిక ఉన్నది అని కాగితంలో రాశాను. మేడం చదివి, నెలలో మొదటిసారి ఒక రోగి మనసులో మాట బయటపడిందని నన్ను మెచ్చుకున్నారు. అన్నం బండి వచ్చేసరికి మంచం ఖాళీ. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. చేతికి గుచ్చిన సెలైన్ సూదితోనే పోయాడు.

గురువారం ఆపరేషన్ రాశారు. ఆ వేలు వారంలోపు తీయకపోతే విషం పాదమంతా ఎక్కుతుందని సర్జన్ అన్నాడు. ఆసుపత్రి కాగితాల్లో ఆయన ఊరు నగరి అని ఉంది గానీ వీధి లేదు. ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. పెళ్లాం పోయింది, కూతురు గూడూరులో ఉందని ఒకసారి అన్నాడు, ఆమె నంబరు ఎవరి దగ్గరా లేదు. ‘చెప్పకుండా వెళ్లిపోయినారు’ అని రాసి ఫైలు మూసేశారు. చివరిగా మాట్లాడింది నేను కాబట్టి నాకు మెమో ఇచ్చారు. సమాధానం నచ్చకపోతే సర్టిఫికెట్ ఆపుతారు. నిజం చెబుతున్నాను, నిన్న సాయంత్రం దాకా నా భయమంతా ఉద్యోగం గురించే. ఈ పొద్దు ఖాళీ మంచం మీద కొత్త దుప్పటి సగం పరిచి ఆపేశాను.

ఆయనెవరో నీకు తెలుసన్నావు. ఒక్కసారి ఇంటికి పోయి చూడు. నీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఫైజల్


నగరి,
జూన్ 28

ఫైజల్‌కు.

ఫోన్ ఎత్తను. ఎందుకని అడగవద్దు. నిస్సార్‌ను కూడా ఎత్తవద్దన్నాను.

ఆ సోమవారం నువ్వు ఆయనతో ఏమన్నావో మాటకు మాట రాయి. ఏ గొంతుతో అన్నావో కూడా. నీ ఉత్తరంలో ఏదో తక్కువైంది. కార్డు చదివితే కాలు నొప్పితో ఉన్న మనిషి చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోడు.

సెలైన్‌లో ఏ యాంటీబయాటిక్ ఎక్కించారు, ఎన్ని రోజులు, చీము పరీక్షలో ఏం వచ్చింది, చివరి షుగరు ఎంత, ఇవన్నీ రాసి పంపు. నాకు తెలుసుకోవాలని ఉంది, అంతే.

ఆయన గురించి అడిగావు. ఆ ప్రశ్నకు ఈ ఉత్తరంలో జవాబు లేదు.

సబియా


తిరుపతి,
జూలై 1

ఆపా,

చిన్నప్పుడు నా సంచిలోంచి బలపం దొంగిలించి ‘ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను’ అన్నది నువ్వొక్కతివే. నీకు అబద్ధం చేతకాదు. అందుకే ఫోన్ ఎత్తడం లేదు. ఆయన నీ దగ్గరే ఉన్నాడు, లేదా నీకు తెలిసిన చోట ఉన్నాడు. మందుల వివరాలు వేరే కాగితంలో రాసి ఇందులో పెట్టాను. ఒకటి మాత్రం ఇక్కడ రాస్తున్నాను: చీములో ఉన్న పురుగుకు నోటి మాత్రలు చాలవు. మందు సెలైన్‌లోనే ఎక్కాలి.

ఇక నువ్వు తక్కువైందన్నది.

ఆ పొద్దున జోయల్ పందెం వేశాడు, నవ్వకుండా ఆ నాలుగు మెట్లూ నేను ఎక్కలేనని. అతను తెర వెనక నిలబడ్డాడు. నేను మంచం దగ్గర నడుం దాకా వంగి నమస్కారం పెట్టాను. స్టూలు చప్పుడు కాకుండా లాక్కున్నాను. ఆయన చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని, రేడియోలో సంతాపం చదివే గొంతుతో, “గంగులప్ప గారూ, మీకు ఈ జీవితంలో ఏది ముఖ్యం?” అన్నాను. ‘ఈ జీవితంలో’ అన్నది కార్డులో లేదు, నేను చేర్చాను. చూశావుగా, పేరు కూడా రాసేశాను. నీ ముందు ఇంకా దాచడం నాటకమే.

తెర వెనక జోయల్ నవ్వు ఆపుకోలేక మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఆ శబ్దం ఏడుపులా వినిపించింది. ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. అప్పుడు చాలా మెల్లగా, “అంత దూరం వచ్చిందాప్పా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కార్డులో లేని ప్రశ్నకు ఏం చేయాలో తెలియక, చిరునవ్వుతో తలాడించాను.

ఆపా, నేను తలాడించాను. వారం రోజులుగా అదే కనబడుతోంది. ‘వేలు తీస్తే వారంలో ఇంటికి పోతావు తాతా’ అని ముందు రోజు కూడా చెప్పినవాణ్ణి, ఆ రోజు అవునని తలాడించాను. మెమోకు ఇచ్చిన జవాబులో ఇది రాయలేదు. కార్డు ప్రకారమే నడుచుకున్నాను అని రాశాను. జోయల్ నవ్వడం మానేశాడు. గదిలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే బస్టాండుకు పోవాలనిపిస్తోంది. ఆదివారం లోపు నీ జవాబు రాకపోతే నగరికి వచ్చి వీధి వీధీ తిరుగుతాను.

ఫైజల్


నగరి,
జూలై 4

ఫైజల్‌కు.

ఈ ఉత్తరం నిస్సార్ చేతికిచ్చి పంపుతున్నాను. లుంగీల మూటలు దించడానికి తిరుపతికి వస్తున్నాడు. చదివి అతనితోనే బయలుదేరు.

ఆయన జూన్ ఇరవై ఐదున క్లినిక్‌కు వచ్చాడు, చేతిలో సూది పీకించుకోవడానికి. ఒట్టి కాళ్లతో, కట్టంతా మట్టి. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిచాడో చెప్పలేదు. సూది తీసి, కట్టు మార్చి, ఆసుపత్రికి ఫోన్ చేస్తానన్నాను. లేచి నిలబడ్డాడు. ఎవరికైనా చెబితే కూతురుండే గూడూరుకు కాదు, ఏ ఊరుకో కూడా ఎవరికీ తెలియకుండా పోతానన్నాడు. చెప్పనని మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఇవ్వకపోతే ఆ గడప దాటి పోయేవాడు, నేను పట్టుకోలేను. పీహెచ్‌సీ డాక్టరును పేరు చెప్పకుండా అడిగి మాత్రలు ఇచ్చాను. రోజూ పోయి కట్టు మార్చాను. రోజూ తిరుపతి మాట ఎత్తాను. రోజూ మగ్గం ఆడించడం మొదలుపెట్టాడు, ఆ కాలితోనే.

ఎందుకు పారిపోయాడో నాలుగో రోజు చెప్పాడు, మగ్గం ఆడిస్తూ. వాళ్లావిడ చౌడేశ్వరమ్మ ఆరేళ్ల క్రితం ఇంకేదో ఊళ్లో ఆసుపత్రిలో పోయింది. తొమ్మిది రోజులు డాక్టర్లు ఈయన్ను ‘ఏమయ్యా, ఓ పెద్దాయనా, అడ్డం లే’ అన్నారట. పదో రోజు పెద్ద డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యేసి, “గంగులప్ప గారూ, కొంచెం ఇట్లా కూర్చోండి” అన్నాడట. “నా బతుకులో నన్ను గారు అనింది ఆ ఒక్కసారేనమ్మా,” అన్నాడు నాతో. “ఆ పొద్దు మా ఇంటిది పోయింది. మళ్లా నీ తమ్ముడన్నాడు. ఆ పిల్లోడు రోజూ నవ్వించేవాడు, వాడే చేతులు పట్టుకుని గారు అంటే ఇంకేముండాది. తెర ఎనకాల ఎవరో ఏడస్తా ఉండారు కూడా. పొయ్యేదేదో మగ్గం కాడ పోతామని వచ్చినా.”

నీ ఉత్తరం నాకు మొన్న అందింది. జోయల్ నవ్విన సంగతి అప్పుడే తెలిసింది. నేను నవ్వలేదు, ఏడవలేదు. కాగితం మడిచి కట్టు సంచిలో పెట్టుకున్నాను.

నిన్న కట్టు విప్పితే వాసన మారింది. ఎరుపు చీలమండ దాటింది, ఒళ్లు కాలుతోంది. ఇచ్చిన మాట మీద కూర్చోవడం ఇక నా వల్ల కాదు, దొంగచాటుగా తప్పడమూ నా వల్ల కాదు. అందుకని ఈ ఉత్తరం ఆయన ముందే కూర్చుని రాసి, ప్రతి వాక్యం ఆయనకు చదివి వినిపించాను. నువ్వు పందెం కట్టిన సంగతి కూడా.  అంతా విని, “అయితే నేను పోయేది ఖాయం కాదా?” అని అడిగాడు. కాదన్నాను, ఆలస్యం చేస్తే మాత్రం ఖాయం అన్నాను. “వాణ్ణి రమ్మను. ఆ పైసలుగాడు నా మొకం చూసి చెప్తే వింటా” అన్నాడు.

త్వరగా రా.

సబియా


తిరుపతి,
జూలై 8

ఆపా,

శనివారం నువ్వు అంబులెన్స్ కోసం వీధి చివరికి పోయినప్పుడు మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో నీకు తెలియదు. రాస్తున్నాను.

దారంతా ఒక మాట తయారు చేసుకున్నాను. గుంటలో కాలు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే అది పోయింది. నేను అంచున కూర్చున్నాను, నువ్వు కూర్చుంటావన్నావే అట్లా. ‘తాతా, ఆ రోజు నేను ఆటకు చేసినాను. నువ్వు పోతావని ఎవరూ అనలేదు. నాకు నీ మాట అర్థం కాకనే తలాడించినాను’ అన్నాను. ఆయన నన్ను చూడలేదు, నూలు చూస్తున్నాడు. “అర్తం కాకపోతే ఏందని అడగాలప్పా. తలాడిస్తారా?” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. లేవదీయడానికి చెయ్యి ఇస్తే భుజం పట్టుకున్నాడు.

 అంబులెన్స్ పుత్తూరు దాటాక, వేలే కదా తీసేది అని అడిగాడు. తెలియదన్నాను. తెలియదు అన్న మాట అంత కష్టంగా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

సర్జన్ చూశాడు. వేలు కాదు, పాదం కూడా కాదు. మోకాలి కింద దాకా తీయాలి, లేకపోతే మనిషి దక్కడన్నాడు. ఎవరు చెప్పాలన్నప్పుడు అందరూ కార్డులు సవరించుకున్నారు. అప్పుడే నేను తేజస్విని మేడం దగ్గరికి పోయి పందెం, తెర, తలాడించడం, మెమోలో దాచింది, మొత్తం చెప్పాను. చౌడేశ్వరమ్మ గురించి కూడా. ఆమె అరుస్తారనుకున్నాను. మెళ్లో కార్డును వేళ్లతో తిప్పుతూ, “మా ఇంట్లో పిల్లల్ని కూడా గారు అంటాం ఫైజల్ గారూ, అది అందరికీ ముద్దనే అనుకున్నాను” అన్నారు. నేను చేసినదానికి తప్పు కార్డుది కాదని కూడా అన్నారు. నేను ఆ శిక్షణ జనవరిలో మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పటిదాకా సర్టిఫికెట్ లేదు. నిన్న అబ్బాకు ఫోన్ చేసి చెప్పాను.

ఆయనకు నేనే చెప్పాను, మేడం పక్కన నిలబడ్డారు. ‘తాతా, మోకాలి కింద దాకా కాలు పోతాది. నువ్వు ఉంటావు’ అన్నాను. కట్టు వైపు చూసుకున్నాడు. ఏ వేలు ఎవరి పేరో ఒక్కొక్కటీ అడిగాడు. చెప్పాను. నవ్వలేదు. “మగ్గం?” అన్నాడు. ‘రెండు కాళ్లతో తొక్కినట్టు తొక్కలేవు’ అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. మేడం నన్ను లేపబోయి, ఆగి, తనే వెళ్లిపోయారు. నేను అక్కడే కూర్చున్నాను.  నేను ఒక గంట పాటు ఏమీ చెప్పకుండా కూర్చున్నానంటే అమ్మీ నమ్మదు.

నిన్న ఆపరేషన్ అయింది. ప్రాణం గట్టిదే. గూడూరు నుంచి కూతురు వచ్చింది, నంబరు ఆయన జేబులోనే ఉందట, ఎవరూ అడగలేదట.

నువ్వు ఎప్పుడొస్తున్నావు? మత్తు దిగగానే నీ గురించి అడిగాడు.

ఫైజల్


నగరి,
జూలై 12

ఫైజల్‌కు, దువా.

నేను రాను.

పది రోజులు. ఇరవై ఐదున నీకు ఒక్క ఫోన్ చేసి ఉంటే వేలితో పోయేది. కట్టు విప్పిన ప్రతిసారీ నాకు అది తెలుసు. పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి, మరుసటి రోజు గీత దాటిందా అని చూసుకునేదాన్ని. రెండుసార్లు దాటింది. రెండుసార్లూ ఇంకొక్క రోజు అనుకున్నాను. ఆయన నమ్మకాన్ని కాపాడుతున్నానని చెప్పుకున్నాను. ఆ నమ్మకం నాకే ఎక్కువ అవసరమేమో, ఈ ఊళ్లో అందరూ నా మాట వింటారని నాకు ఎంత గర్వమో నీకు తెలియదు.

నీది నవ్వు తెచ్చిన తప్పు, నాది నవ్వకుండా చేసిన తప్పు. ఏది పెద్దదో నువ్వే చెప్పు. కాలు చూసి చెప్పు.

వేరే మండలానికి బదిలీకి అర్జీ రాశాను. ఇంకా ఇవ్వలేదు, సంచిలో ఉంది. నిస్సార్‌కు తెలియదు. ఆయన వీధి మీదుగా పోకుండా చుట్టూ తిరిగి క్లినిక్‌కు పోతున్నాను. నిన్న ఇంకో నేతగాడు ప్రేమానందం మగ్గం దగ్గర గుంట అంచున కూర్చుంటే అతను ఏదో చెబుతూనే ఉన్నాడు, ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఆయన్ను బాగా చూసుకో. కుట్ల దగ్గర తడి లేకుండా చూడు, షుగరు మనిషికి తొందరగా మానదు.

సబియా


తిరుపతి,
జూలై 16

ఆపా, సలాం.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. అర్జీ సంగతితో సహా. తప్పే. నువ్వు నా పందెం సంగతి చదివి వినిపించినప్పుడు నా అనుమతి అడగలేదు కాబట్టి ధైర్యం చేశాను. విని, కాగితం పెన్ను తెమ్మన్నాడు. కింద ఉన్నదంతా ఆయన చెప్పింది. నేను అచ్చంగా అట్లాగే రాశాను.

“అమ్మా సబియా. నేను చెప్తాండా, నీ తమ్ముడు రాస్తాండాడు. వీడు సొంతంగా ఏమన్నా కలిపుంటే నమ్మొద్దు.

పది దినాలు నా మాట యాడా జారనీలేదు నువ్వు. మొదటి దినమే చెప్పింటే కాలు ఉండును. చెప్పింటే నేను నీకాడికి రెండో దినం వచ్చేవాణ్ణి కాదు, ఏ ఊర్లోనో పడిపోయుందును. రెండూ అటు తిప్పి ఇటు తిప్పి సూసినా. ఏది ఎక్కువో నాకు తేలలేదు. నీకూ తేలదు. తేలనిదానికి ఊరిడిసి పోతారా.

కోపం లేదని నేను చెప్పను. కాలు దురద పెడతాండాది, గోకుదామంటే ఆడ కాలు లేదు. అప్పుడు నీ మీదా వస్తాది, వీడి మీదా వస్తాది, నా మీదా వస్తాది. మళ్లా పోతాది.

సోమవారం నన్ను ఇంటికి పంపుతారంట. ఆ పై సోమవారం కుట్లు విప్పాలంట. వేరే ఆయమ్మను తోలితే నేను తలుపు తీయను. నువ్వు రావాల. వచ్చి ఊరకే కూర్చోవద్దు, నన్ను తిట్టు. మాత్రలు వేసుకోలేదని తిట్టేదానివి కదా, అట్ల.”

ఇంతవరకూ ఆయన మాట. రెండుసార్లు చదివించుకున్నాడు. కోపం దగ్గరికి వచ్చినప్పుడు, ఇది తీసేద్దామా తాతా అని అడిగాను. “ఉండనీ. అది లేకపోతే ఆయమ్మ నమ్మదు” అన్నాడు.

కుట్లు ఇరవై ఎనిమిదిన విప్పాలి. మీ క్లినిక్‌లో ఉన్న కత్తెర మొద్దుబారిందని పోయినేడు అన్నావు. కొత్తది కొని పంపమంటావా, నువ్వే తెచ్చుకుంటావా?

ఫైజల్